పర్లాకిమిడి చిన్నబండి: గ్రంథాలయంలో ఇంటిల్లిపాదికీ రైలు చరిత్ర ప్రదర్శన పెట్టే పద్ధతి

రైలు చరిత్ర మీద ప్రదర్శన అనగానే చాలామంది 1853 నాటి బొంబాయి–ఠాణే బండితో మొదలుపెట్టి వందే భారత్ దాకా లాక్కొస్తారు. సగం గోడ దానికే సరిపోతుంది. చూసేవాళ్లకి అది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. గజపతి, రాయగడ జిల్లాల్లో, వాటిని ఆనుకున్న శ్రీకాకుళం ఊళ్లలో పెట్టే ప్రదర్శన ఒక్క లైనునే పట్టుకోవాలి. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే ఆ 90 కిలోమీటర్లు చాలు. ఈ ప్రాంతంలో ఆ లైను మీద నడిచిన చిన్నబండి ఎక్కని పెద్దవాళ్లు ఉన్న ఇల్లు దొరకడం కష్టం. ప్రదర్శనకి అసలు సరుకు వాళ్ల జ్ఞాపకాల్లోనే ఉంది.

ఈ పద్ధతి 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న హాలుకి సరిపోతుంది. నలుగురైదుగురు మనుషులు, పది వారాల గడువు కావాలి. డిసెంబరు, జనవరి నెలలు మంచివి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. ఫిబ్రవరి వస్తే మెట్రిక్ పరీక్షల హడావుడి మొదలై పిల్లలు దొరకరు.

ముందు తేదీలు స్థిరపరుచుకోండి

ఏ ప్యానెలూ రాయకముందే ఒక పేజీ కాలక్రమం తయారుచేసుకోండి. దానికి వెన్నెముక ఇది.

ఈస్ట్ కోస్ట్ రైల్వే బెజవాడ–కటక్ ప్రధాన లైను 1893–96 మధ్య పడింది. అది పర్లాకిమిడిని తాకకుండా నౌపడ మీదుగా పోయింది. తన రాజధానిని ఆ లైనుతో కలపడానికి పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి 40 కిలోమీటర్ల చిన్న గేజు లైను వేయించారు. గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 2 అడుగుల 6 అంగుళాలు (762 మి.మీ.). 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. తొలి ఏళ్లు నష్టాలే. తర్వాత లాభాలు కనబడ్డాక కృష్ణచంద్ర గజపతి కాలంలో 1929, 1931లలో రెండు విడతలుగా లైను గుణుపురం చేరింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అప్పటిదాకా మొత్తం లైను మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ రోజు నుంచి నౌపడ, టెక్కలి, పాతపట్నం ఒకవైపు, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం మరోవైపు అయ్యాయి. 2004లో చిన్నబండి ఆగింది. పట్టాలు వెడల్పు చేసి వేసిన బ్రాడ్ గేజ్ మీద 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి రైలు వచ్చింది.

లైను మొదలైన తేదీ, సరిహద్దు గీసిన తేదీ రెండూ ఏప్రిల్ ఒకటే. ఈ రెండింటినీ ఒకే ప్యానెల్ మీద పెడితే జనం అక్కడ తప్పక ఆగుతారు.

ఇంకా లోతుకి వెళ్లాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు గంజాం, విశాఖపట్నం జిల్లాల గెజెటీర్లు, పాత రైల్వే టైమ్‌టేబుళ్లు, సర్వే ఆఫ్ ఇండియా పటాలు చూడండి. భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకవచ్చు. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. 1936కి ముందరి ప్రభుత్వ కాగితాలు మద్రాసులోనే నడిచాయి కదా. వెతికేటప్పుడు పర్లాకిమిడి, పరలాఖెముండి, కిమిడి అన్న మూడు పేర్లతోనూ వెతకండి. ఒక్క పేరుతో వెతికితే సగం కాగితాలు బయటికి రావు.

ఒక నియమం పెట్టుకోండి. కాగితం మీద దొరికినది తెల్ల కార్డు మీద, మనుషులు చెప్పినది పసుపు కార్డు మీద రాయాలి. "రాజావారు వస్తే బండి ఆపేసేవారు" లాంటి మాటలు పసుపు కార్డు మీదే ఉండాలి. వాటిని తీసేస్తే ప్రదర్శన ఎండిపోతుంది. తెల్ల కార్డు ఎక్కిస్తే మొదటి రోజే ఏ రిటైర్డు మాస్టారో వచ్చి నిలదీస్తారు.

అనుమతులు, ఒక చట్టం

గ్రంథాలయాధికారికి రాసే ఉత్తరంలో హాలు, తేదీలు, కరెంటు వాడకం, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్న నాలుగూ ఉండాలి. స్టేషన్లో ఫొటోలు, వీడియోలు తీయాలన్నా, రైల్వే వస్తువులు అరువు తెచ్చుకోవాలన్నా డివిజన్ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. మీ స్టేషను ఏ డివిజన్ కిందికి వస్తుందో స్టేషన్ మాస్టరునే అడగండి. ఈమధ్య డివిజన్ల సరిహద్దులు మారాయి కాబట్టి పాత చిరునామాకి రాస్తే ఉత్తరం నెలంతా తిరుగుతుంది.

ప్రకటన చూసి ఎవరో ఒకరు ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలని కలిపే ఇనుప పలక) ముక్కో, పట్టా మేకో, పాత లాంతరో పట్టుకొస్తారు. సంతోషంతో పుచ్చేసుకోకండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం. వేలంలో కొన్న రసీదు ఉంటేనే ప్రదర్శనలో పెట్టండి. లేకపోతే ఫొటో కూడా తీయకుండా మర్యాదగా తిప్పి పంపండి. పట్టా ముక్క నిజంగా కావాలంటే రైల్వేవాళ్లనే అడగండి. ఇవ్వకపోతే థర్మకోలుతో కోసి రంగు వేసుకోవచ్చు. పిల్లల కాలి మీద పడ్డా దెబ్బ తగలదు.

ఫొటోలు, జ్ఞాపకాలు సేకరించడం

దీనికి నాలుగు వారాలు కేటాయించండి. ఇంటింటికీ తిరగడం కంటే ఆదివారం ఉదయం గ్రంథాలయంలో స్కానర్ పెట్టి కూర్చుంటే ఎక్కువ ఫొటోలు వస్తాయి. తెచ్చినవాళ్ల ఎదుటే స్కాన్ చేసి అసలు ఫొటో అప్పుడే ఇచ్చేయాలి. "రేపిస్తాం" అనకండి. పెళ్లి ఫొటో ఒక్కటి పోయినా ఊళ్లో మీ మాట చెల్లదు.

మామూలుగా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తారు. 3×4 అంగుళాల ఫొటోకి అది 1800×2400 పిక్సెళ్లు. 300 డీపీఐలో ముద్రిస్తే 6×8 అంగుళాల కాపీ మాత్రమే బాగా వస్తుంది. ఎ3 సైజుకి పెంచాలనుకునే ఫొటోలని 1200లో స్కాన్ చేయండి. టిఫ్ ఫైలుగా దాచి, వాడకానికి జేపెగ్ కాపీ తీసుకోండి. వాట్సాప్‌లో పంపించుకున్న కాపీ ముద్రణకి పనికిరాదు.

ఫొటో వెనక్కి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిల్‌తో రాసిన తేదీ అక్కడే ఉంటాయి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. ఒక్కో ఫొటోకీ ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు ఫైలు పేరులోనూ, రసీదులోనూ రాయండి. రసీదు మీద తెచ్చినవాళ్ల సంతకంతో పాటు "ప్రదర్శనలో వాడవచ్చు", "గ్రంథాలయంలో శాశ్వతంగా దాచవచ్చు" అని రెండు వేరు గళ్లు పెట్టండి. మొదటిదానికి ఒప్పుకుని రెండోదానికి వద్దనేవాళ్లు ఉంటారు.

మాటలు రికార్డు చేయడానికి ఫోను చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, ఫోనుని మనిషికి జానెడు దూరంలో మడిచిన తువ్వాలు మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా పిడుగులా వినిపిస్తుంది. 25 నిమిషాలు మించనివ్వకండి. రిటైరైన గ్యాంగ్‌మన్‌నీ, పాయింట్స్‌మన్‌నీ, ఫైర్‌మన్‌నీ "రైలు గురించి చెప్పండి బాబూ" అని అడిగితే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. "పొద్దున్న డ్యూటీకి ఏం పట్టుకెళ్లేవారు?", "బండి దిగి తోసిన రోజులున్నాయా?", "వర్షంలో ఏ చోట భయం?" అని అడగాలి. ఆడవాళ్లని విడిగా, తీరిక వేళ అడగండి. పుట్టింటికి వెళ్లిన బండి గురించి చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పరు. తెలుగు, ఒడియా, సవర ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే రికార్డు చేయండి. వచ్చీరాని భాషలో మాట్లాడించకండి.

ప్యానెళ్లు

సన్‌బోర్డు (గట్టి నురుగు అట్ట) షీటు 8×4 అడుగులు ఉంటుంది. అందులోంచి 2×3 అడుగుల ప్యానెళ్లు ఐదు వస్తాయి. 2×1 ముక్క మిగులుతుంది, దాన్ని చిన్న శీర్షికలకి కోసుకోండి. మొత్తం పది ప్యానెళ్లు చాలు, అంటే రెండు షీట్లు. 5 మి.మీ. మందం తీసుకోండి. 3 మి.మీ. అయితే వారంలో వంగిపోతుంది. ఫ్లెక్సు చవకే గానీ మెరుపు వల్ల ట్యూబులైటు కింద చదవలేరు.

ఒక్కో ప్యానెల్లో తెలుగు 60 మాటలు, ఒడియా 60 మాటలు, ఒక ఫొటో. రెండు భాషల అక్షరాలూ ఒకే పరిమాణంలో ఉండాలి. ఒకటి పెద్దదిగా, ఇంకోటి కింద చిన్నదిగా వేస్తే సరిహద్దు ఊళ్లలో ఆ సంగతి ముందు కనబడుతుంది, రైలు తర్వాత. అసలు వాచకం 28 పాయింట్లకి తగ్గకూడదు. తెలుగు ఒత్తులు కింది వరుసకి తగలకుండా వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ వదలండి. ప్యానెల్ నడిమి భాగం నేల నుంచి 125 సెం.మీ. ఎత్తులో ఉంటే పెద్దవాళ్లకీ, పదేళ్ల పిల్లలకీ ఇద్దరికీ అందుతుంది.

తప్పులు దొర్లేది డీటీపీ షాపులో. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తారు, వాళ్లు తమ దగ్గరున్న అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి అక్షరాలు) మార్చుకుంటారు. ఆ మార్పులో ఒత్తులు ఎగిరిపోతాయి, "స్టేషను" "స్‌టేషను" అవుతుంది. ఫైలుని మీరే పీడీఎఫ్ చేసి, అక్షరాలని బొమ్మలుగా మార్చి ఇవ్వండి. ఒక ఎ4 కాపీ తీయించి, తెలుగు బాగా వచ్చినవాళ్లు ఒకరు, ఒడియా బాగా వచ్చినవాళ్లు ఒకరు బయటికి చదవాలి. కళ్లతో చూస్తే దొరకని తప్పు నోటితో చదివితే దొరుకుతుంది.

అసలు ఫొటోలు, పాత టికెట్లు గోడకి అంటించకండి. కాపీలే పెట్టండి. అసలువి చూపించక తప్పకపోతే అద్దం బల్ల కింద, కిటికీకి దూరంగా, వారం దాటకుండా ఉంచండి. సెలోటేపు, లామినేషను రెండూ పాత కాగితానికి శత్రువులే, తీస్తే పై పొర ఊడొస్తుంది. పోస్టర్ల కోసం మైదా ఉడికించి మైలుతుత్తం కలిపే అలవాటు ఉంటే ఈ ఒక్కసారికి మానుకోండి. మైలుతుత్తం విషం, చిన్నపిల్లలు గోడ తడిమి చేతులు నోట్లో పెట్టుకుంటారు.

నేల మీద రెండు గేజులు

ఖర్చు తక్కువ, ఆకర్షణ ఎక్కువ ఉన్న భాగం ఇది. కాబట్టి హాల్లో మంచి చోటు దీనికే ఇవ్వండి. చిన్న గేజు 762 మి.మీ., బ్రాడ్ గేజు 1676 మి.మీ. తేడా సరిగ్గా 3 అడుగులు. అంకెలుగా చదివితే ఎవరికీ పట్టదు. నేల మీద గీస్తే నడవడం వచ్చిన ప్రతి పిల్లకీ అర్థమవుతుంది.

నేలని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ముందు కాగితపు మాస్కింగ్ టేపు, దాని మీద 2 అంగుళాల నల్ల గుడ్డ టేపు వేయండి. గుడ్డ టేపు నేరుగా వేస్తే వారానికి జిగురు మొజాయిక్‌కి పట్టేస్తుంది. కొబ్బరినూనెతో రుద్దితే పోతుంది గానీ చేతులు పడిపోతాయి. కొలత ఒక టేపు లోపలి అంచు నుంచి రెండో టేపు లోపలి అంచుకి తీసుకోవాలి. చాలామంది టేపు నడిమి నుంచి నడిమికి కొలుస్తారు. అప్పుడు గేజు 5 సెం.మీ. తగ్గిపోతుంది. రైల్వే మనిషి ఎవరైనా వస్తే ఒక్క చూపులో పట్టేస్తాడు.

స్లీపర్లకి, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మలకి, గోధుమ రంగు చార్టు పట్టీలు. బ్రాడ్ గేజుకి 2.75 మీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పు. చిన్న గేజుకి ఒకటిన్నర మీటర్లు. ఇవి దాదాపు నిజమైన కొలతలే. స్లీపర్ల మధ్య 60 సెం.మీ. దూరం పెట్టి, మూడు మీటర్ల పొడవు లైను వేస్తే సరిపోతుంది. రెండు గేజులనీ పక్కపక్కనే వేయండి. ఒకదానిలో ఒకటి ఇమిడ్చి వేస్తే నాలుగు పట్టాల లైనులా కనబడి గందరగోళం అవుతుంది.

ఆట ఏమిటంటే, అమ్మానాన్నలతో వచ్చిన పిల్లలు రెండు గేజులనీ జానలతో కొలిచి గోడ మీద కాగితంలో రాయాలి. తాత జానకి, మనవరాలి జానకి వచ్చే లెక్క వేరు. ప్రామాణిక కొలత ఎందుకు కావాలో అక్కడే తెలిసిపోతుంది. పట్టాల మీద పడుకుని పొడవు చూసుకునే ఆట మాత్రం ఎవరెంత బతిమాలినా పెట్టకండి. ఇక్కడ చేసింది పిల్లలు నిజమైన లైను మీద చేస్తారు. పట్టాలు దాటడానికి ఒకే చోట గేటు పెట్టి, ఎర్రజెండా, పచ్చజెండా ఇచ్చి ఒకరిని నిలబెట్టండి.

నౌపడ మార్పిడి

గేజు మారితే ఏం నష్టం అన్న ప్రశ్నకి జవాబు ఈ బల్ల మీద ఉంటుంది. చిన్నబండిలో వచ్చిన బస్తాలు నౌపడలో దింపి పెద్దబండిలోకి ఎక్కించాలి. అటు నుంచి వచ్చిన సరుకూ అంతే. పాత చీర గుడ్డతో 12×8 సెం.మీ. సంచులు 20 కుట్టండి. ఒక్కోదానిలో చింతపిక్కలు పోసి మూతి కుట్టేయండి. బియ్యం పోస్తే రెండో రాత్రికే ఎలుకలు వస్తాయి. పది సంచులు పట్టే చిన్న అట్టపెట్టెలు రెండు, ఇరవై పట్టే పెద్ద పెట్టె ఒకటి. ఒక జట్టు సంచులన్నీ ఒక్కొక్కటిగా మార్చాలి, ఇంకో జట్టు పెద్ద పెట్టెనే నేరుగా జరపాలి. గడియారం పెట్టి చూడండి. 2004లో లైను ఎందుకు మూసి మార్చారో వేరే ప్యానెల్ అక్కర్లేదు.

బొట్టుబిళ్లల పటం

మూడు బల్లలు వరుసగా కలిపి, కిలోమీటరుకి 4 సెం.మీ. చొప్పున పట్టీ పటం గీయండి. 90 కిలోమీటర్లు 3.6 మీటర్లు అవుతుంది. నౌపడ సున్నా దగ్గర, పర్లాకిమిడి 1.6 మీటర్ల దగ్గర, గుణుపురం చివర. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, కాశీనగర్, మిగతా స్టేషన్లకి టైమ్‌టేబుల్లోని కిలోమీటర్లు చూసి అదే లెక్కన పెట్టండి. మలుపులు చూపించే ప్రయత్నం చేయకండి, లెక్క తప్పుతుంది. మహేంద్రతనయ, వంశధార నదులకి నీలం గుడ్డ, లైనుకి జనపనార తాడు, పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య రాష్ట్ర సరిహద్దుకి చుక్కల గీత. బల్ల ఎత్తు 60–65 సెం.మీ. మించితే ఐదేళ్లవాళ్లు మునివేళ్ల మీద నిలబడాలి.

వచ్చిన ప్రతి కుటుంబానికీ స్టిక్కరు బొట్టుబిళ్లలు ఇవ్వండి. చిన్నబండి ఎక్కినవాళ్లు తాము ఎక్కిన స్టేషను దగ్గర ఎర్రది, ఎక్కనివాళ్లు ఇప్పుడు ఎక్కే స్టేషను దగ్గర పచ్చది అంటిస్తారు. గుండుసూదులు మాత్రం పెట్టకండి. రోజూ మూసేముందు పై నుంచి ఒక ఫొటో తీస్తే, చివరికి ఏ స్టేషను ఎంతమందిదో ఒక పటం తయారవుతుంది.

టికెట్, టోకెను

పాత అట్ట టికెట్ 57×30 మి.మీ. ఉండేది. 1830ల చివర ఇంగ్లాండులో థామస్ ఎడ్మండ్‌సన్ మొదలుపెట్టిన కొలత ఇక్కడి కౌంటర్ల దాకా వచ్చింది. ఎ4 మందపాటి కాగితం మీద పొడవు వైపు ఐదు, వెడల్పు వైపు ఆరు వేస్తే 30 టికెట్లు వస్తాయి. 300 జీఎస్‌ఎం ఐవరీ కార్డు వాడండి, మామూలు జెరాక్సు కాగితానికి పంచ్ చేసిన శబ్దం రాదు. పిల్లలకి కావాల్సింది ఆ శబ్దమే. నంబరు, "నుంచి", "వరకు" గళ్లు వేసి, ఛార్జీ గడి ఖాళీగా వదిలేయండి. మీ చేతిలో పాత టికెట్ ఉంటే తప్ప అణాల్లో ఛార్జీ ఊహించి రాయకండి.

టోకెను ఆటకి రెండు బల్లలు, ఒక టెన్నిసు బంతి, చిన్నపిల్లల సైకిలు పాత టైరు ఒకటి చాలు. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు కదా. నీల్స్ టోకెన్ యంత్రాల్లో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క ఉక్కు బంతే బయటికి వచ్చేలా విద్యుత్ తాళం ఉంటుంది. ఆ బంతి డ్రైవరు చేతిలో ఉంటేనే బండి కదలాలి. బంతిని తోలు సంచిలో పెట్టి పేము రింగుకి కట్టి అందించేవారు. మన ఆటలో రింగు ఆ టైరే. రింగు ఉన్న జట్టే దాటాలి. ఒకే సమయంలో రెండు జట్లు బయల్దేరితే ఆట ఆగుతుంది. ఐదు నిమిషాల్లో పిల్లలే ఒకరినొకరు సరిదిద్దుకుంటారు.

హాలు నడపడం

పోటీ పరీక్షలకి చదివేవాళ్లు రీడింగ్ రూములో కూర్చునే వేళలు తెలుసుకుని, ఆటలని ఆదివారాలకి, మిగతా రోజుల సాయంత్రాలకి మార్చండి. రికార్డు చేసిన మాటలు స్పీకరులో పెట్టకండి. క్యూఆర్ కోడు గోడకి అంటించి, ఫోను లేనివాళ్ల కోసం రెండు హెడ్‌ఫోన్లు ఉంచండి. ఒక్కో ముక్క 90 సెకన్లు దాటితే నిలబడి వినరు. పసుపు కార్డులు ఫ్యాను గాలికి ఎగరకుండా నాలుగు మూలలా డబుల్ టేపు వేయాలి. కరెంటు పోతుందని అనుకునే పని చేసుకోండి. వెలుతురు కిటికీల నుంచి వచ్చే గోడకి ఎదురుగా ప్యానెళ్లు ఉంటే లైట్లు లేకున్నా చదవవచ్చు. కాపలాకి ఒకరు, ఆటల దగ్గర ఇద్దరు చాలు. సభ పెట్టి ప్రసంగాలు చేయాలనుకుంటే అరగంటలో ముగించండి, పిల్లలు అప్పటికే పట్టాల మీద ఉంటారు.

తీసేసేటప్పుడు అరువు వస్తువులు ముందు, ప్యానెళ్లు తర్వాత. రసీదు నంబరు చూసి, సంతకం చేయించుకుని ఒక్కో వస్తువూ ఇంటికే వెళ్లి ఇవ్వండి. స్కాన్లు, రికార్డింగులు రెండు వేర్వేరు హార్డు డిస్కుల్లో ఉంచి, ఒకటి గ్రంథాలయ బీరువాలో, రెండోది వేరే భవనంలో దాచండి. ప్యానెళ్లని పడుకోబెట్టి, మధ్యలో కాగితాలు వేసి కట్టండి. నిలబెడితే వంగుతాయి. తర్వాత టెక్కలిలోనో, గుణుపురంలోనో ఎవరైనా అడిగితే అవే ప్యానెళ్లు అక్కడికి వెళ్తాయి. బొట్టుబిళ్లల పటం మాత్రం కొత్తది గీయండి, ఆ ఊరివాళ్ల బిళ్లలు ఆ ఊరివాళ్లే అంటించుకోవాలి.